లెక్కల మైదానం – 9వ భాగం: ఎవరో రాసిపెట్టిన ఆట

పోయిన వారం ఓక్లాండ్ దగ్గర ఆగాం. 2002 సీజన్‌లో న్యూయార్క్ యాంకీస్ జీతాల ఖర్చులో మూడో వంతుతోనే సరిపెట్టుకున్న ఆ జట్టు 103 ఆటలు ఎలా గెలిచిందో, మధ్యలో వరసగా 20 గెలిచి అమెరికన్ లీగ్ రికార్డును ఎలా తిరగరాసిందో చెప్పుకున్నాం. జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ పక్కన లాప్‌టాప్‌తో కూర్చున్న పాల్ డిపొడెస్టాను కూడా చూశాం. 2003లో మైకేల్ లూయిస్ ‘మనీబాల్’ పుస్తకం, 2011లో దాని సినిమా వచ్చాక ఆ లాప్‌టాప్ పేరు ప్రపంచమంతా మోగిపోయింది. బేస్‌బాల్‌ను కంప్యూటర్ మార్చేసింది అన్నమాట అప్పటినుంచే స్థిరపడింది.

నాకు మాత్రం ఆ కథలో లాప్‌టాప్ కన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉందనిపిస్తుంది. అలాంటి యంత్రాల్లోకి ఎక్కిన వేలాది ఆటల వివరాలు ఎక్కడివి? ఏ బ్యాటర్ ఏ ఇన్నింగ్స్‌లో ఏం చేశాడో ఎవరు రాశారు? ఆ రాతను అంకెలుగా ఎవరు టైపు చేశారు? చేసి, పైసా అడక్కుండా ప్రపంచానికి ఎందుకు ఇచ్చేశారు? ఈ వారం ఆ మనుషుల గురించి.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బేస్‌బాల్‌లో ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌కు మూడే ఔట్లు. పిచర్ విసిరిన బంతిని కొట్టిన బ్యాటర్ ఫస్ట్, సెకండ్, థర్డ్ బేస్‌ల మీదుగా తిరిగి హోమ్ ప్లేట్ చేరితే ఒక పరుగు. మధ్యలో ఏ బేస్ మీదైనా ఆగి, తర్వాతి బ్యాటర్ కొట్టేదాకా కాచుకుని ఉండొచ్చు. ఇంతవరకు తెలిస్తే ఈ వారానికి చాలు.

1959లో కెనడాలో ఇద్దరు తండ్రీకొడుకులు రేడియో ముందు కాగితం, పెన్సిలుతో కూర్చునేవారు. తండ్రి కర్నల్ చార్లెస్ లిండ్సే. కొడుకు జార్జ్ లిండ్సే రక్షణ శాఖ తరఫున పరిశోధన చేసే శాస్త్రవేత్త. సైనిక నిర్ణయాలను గణితంతో తూచి చూడడం ఆయన వృత్తి. అదే తూకం తనకిష్టమైన ఆట మీద ఎందుకు వేయకూడదనుకున్నారు. పేపర్లో మర్నాడు వచ్చే బాక్స్ స్కోరులో మొత్తాలే ఉంటాయి: ఫలానా బ్యాటర్ నాలుగుసార్లు ఆడి రెండు హిట్లు కొట్టాడు, అంతే. ఆ హిట్లు కొట్టినప్పుడు బేస్‌ల మీద ఎవరున్నారు, ఎన్ని ఔట్లయ్యాయి అన్నది అందులో దొరకదు. అందుకని రేడియో, టీవీ ప్రసారాలు వింటూ, చూస్తూ ప్రతి సంఘటననూ రాసుకున్నారు. 1959, 1960 సీజన్లలో 373 ఆటలు అలా కాగితం మీదికి ఎక్కాయి. ఎక్కువ భాగం రాసింది ఆ తండ్రిగారే.

1963లో జార్జ్ లిండ్సే ‘ఆపరేషన్స్ రీసెర్చ్’ పత్రికలో అచ్చేసిన వ్యాసం ఈ రంగానికి పునాదిరాయి. ఆయన ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. మూడు బేస్‌లలో ఒక్కోటి ఖాళీగానైనా ఉండాలి, నిండైనా ఉండాలి. కాబట్టి ఎనిమిది రకాలు. ఔట్లు సున్నా, ఒకటి, రెండు. మూడు రకాలు. ఎనిమిది మూళ్లు 24. బేస్‌బాల్‌లో ఏ క్షణం తీసుకున్నా ఆ ఇరవై నాలుగు స్థితుల్లో ఏదో ఒకటిలో ఉంటుంది. ఒక్కో స్థితి నుంచి ఆ ఇన్నింగ్స్ ముగిసేలోగా సగటున ఎన్ని పరుగులు వచ్చాయో లెక్కగడితే, ఆ స్థితి విలువ ఎంతో తేలుతుంది.

మన పాఠకులకు ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. వర్షం పడ్డ వన్డేలో లక్ష్యం తేల్చే డక్‌వర్త్–లూయిస్ పద్ధతి 1997 జనవరిలో జింబాబ్వే–ఇంగ్లండ్ ఆటలో మొదటిసారి వాడుకలోకి వచ్చింది. అందులో ఉన్నదీ ఈ చూపే. మిగిలిన ఓవర్లు, చేతిలోని వికెట్లు కలిసి ఒక స్థితి. ఆ స్థితి నుంచి ఇంకెన్ని పరుగులు ఆశించొచ్చు అన్నదే పట్టిక. లిండ్సే వ్యాసం దానికన్నా ముప్పై నాలుగేళ్లు పెద్దది.

ఈ పట్టిక ఏం చేసిందో ఒక్క ఉదాహరణ నిదానంగా చూద్దాం. ఫస్ట్ బేస్ మీద ఒక ఆటగాడు ఉన్నాడు, ఇంకా ఎవరూ ఔట్ కాలేదు. అలాంటప్పుడు బంతిని కొట్టకుండా బ్యాటు అడ్డంపెట్టి మెల్లగా ముందుకు వదలడం, అంటే బంట్ చేయడం పాత పద్ధతి. బ్యాటర్ ఔటైపోతాడు కానీ ఫస్ట్ బేస్ మీదివాడు సెకండ్‌కు చేరతాడు. త్యాగం కాబట్టి దానికి సాక్రిఫైస్ అనే పేరు, దానితోపాటు గౌరవమూ వచ్చాయి. అలా చేసి వచ్చిన బ్యాటర్‌ను జట్టువాళ్లు భుజం తట్టి కూర్చోబెట్టేవారు. 2010ల్లోని ఆటలతో పట్టిక వేస్తే, ఫస్ట్ బేస్ మీద ఒకడు, సున్నా ఔట్లు ఉన్న స్థితి విలువ దాదాపు 0.86 పరుగులు. బంట్ అనుకున్నట్టే జరిగాక సెకండ్ బేస్ మీద ఒకడు, ఒక ఔట్. దాని విలువ దాదాపు 0.66. అంటే పని సక్రమంగా జరిగితేనే పరుగులో అయిదో వంతు పోయింది. బంట్ కాస్తా గాల్లోకి లేచి క్యాచ్ అయితే ఆ నష్టం వేరు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే పట్టికకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. సగటు పరుగులు వేరు, కనీసం ఒక్క పరుగు వచ్చే అవకాశం వేరు. స్కోరు సమంగా ఉన్న ఆఖరి ఇన్నింగ్స్‌లో జట్టుకు కావలసింది ఒక్కటే పరుగు. ఆ ఒక్క పరుగు అవకాశాన్ని లెక్కగడితే రెండు స్థితులకూ పెద్ద తేడా ఉండదు. బ్యాటు పట్టినవాడు మరీ బలహీనుడైతే బంటే నయం కావచ్చు. పట్టిక చూపేది ఎక్కడ ఎంత నష్టమో. అది భరించాలా వద్దా అన్నది మేనేజర్ తేల్చుకోవాలి. మొత్తమ్మీద ఈ శతాబ్దంలో సాక్రిఫైస్ బంట్లు బాగా తగ్గిపోయాయంటే మేనేజర్లు ఆ నష్టాన్ని చూడడం నేర్చుకున్నారనే అర్థం.

ఇప్పుడు అదే పట్టికను పైథాన్, ఆర్ లాంటి ప్రోగ్రామింగ్ భాషలు కాస్త వచ్చిన డిగ్రీ విద్యార్థి ఒక సాయంత్రంలో వేయగలడు. సీజన్‌కు 2,430 ఆటలు. బ్యాటర్లు క్రీజులోకి వచ్చిన సందర్భాలు లక్షా ఎనభై వేలకు పైనే. ఆటల వివరాలున్న ఫైలులో ప్రతి సంఘటనా ఒక వరస. ముందుగా ఆ వరసకు ఎదురుగా ఏయే బేస్‌లు నిండాయి, ఎన్ని ఔట్లు అన్నది ఒక గళ్లో రాయాలి. ఆ ఇన్నింగ్స్ ముగిసేసరికి వచ్చిన మొత్తం పరుగుల్లోంచి అప్పటిదాకా వచ్చినవి తీసేసి, మిగిలినవి పక్క గళ్లో వేయాలి. ఆపై స్థితిని బట్టి వరసలను ఇరవై నాలుగు గుంపులు చేసి, ఒక్కో గుంపుకు సగటు తీయాలి. పైథాన్‌లో పాండాస్ వాడేవాళ్లు ‘గ్రూప్‌బై’ అనేది దీన్నే.

కొత్తవాళ్లు తప్పటడుగు వేసే చోటు ఒకటుంది. సొంత మైదానంలో ఆడే జట్టు తొమ్మిదో ఇన్నింగ్స్‌లో గెలుపు పరుగు కొట్టిన మరుక్షణం ఆట ఆగిపోతుంది. మూడు ఔట్లు పూర్తి కావు. ఆ ఇన్నింగ్స్‌ను కూడా కలిపితే, రావలసిన పరుగులు రాకుండానే లెక్కలోకి ఎక్కి సగటు కిందికి దిగుతుంది. అందుకని మూడు ఔట్లు పూర్తయిన ఇన్నింగ్స్‌నే తీసుకుంటారు. ఆట నియమం తెలియకుండా కోడు రాస్తే ప్రోగ్రాం ఎక్కడా ఆగదు, ఎర్ర అక్షరాలతో హెచ్చరించదు. తప్పుడు అంకెను అందంగా చూపిస్తుంది.

లిండ్సే తర్వాత ఈ లెక్కలు వెంటనే ఊపందుకోలేదు. కారణం తెలివితేటల కొరత కాదు. సంఘటనలవారీ వివరాలు ఎవరికీ అందకపోవడం. జట్ల దగ్గర కొన్ని ఉండేవి. బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టుకు బ్రాంచ్ రికీ 1947లో మాంట్రియల్ కుర్రాడు ఆలన్ రాత్‌ను గణాంకాల మనిషిగా పెట్టుకున్నారు. అతను చేత్తో ప్రతి బంతినీ రాసేవాడు. కానీ అవి డాడ్జర్స్ సొత్తు. లీగుల అధికారిక లెక్కలు చూసే ఎలియాస్ స్పోర్ట్స్ బ్యూరో దగ్గర ఆటల వివరాలు ఉండేవి. బయటి అభిమానులకు అవి అందేవి కావు.

ఈ గోడ మీద గట్టిగా తల బాదుకున్న మనిషి మనకు ఏడో భాగంలో పరిచయమైన బిల్ జేమ్స్. కాన్సాస్ రాష్ట్రం లారెన్స్‌లో డబ్బాల్లో చిక్కుడుగింజలు నింపే ఫ్యాక్టరీకి రాత్రి కాపలాదారు. 1977లో సొంతంగా వేసిన మొదటి ‘బేస్‌బాల్ అబ్‌స్ట్రాక్ట్’ 75 ప్రతులు అమ్ముడుపోయింది. అతని దగ్గరున్న ముడిసరుకల్లా పత్రికల్లో వచ్చిన బాక్స్ స్కోర్లు. వాటిని పిండి పిండి ప్రశ్నలకు జవాబులు రాబట్టాడు. అయినా కొన్ని ప్రశ్నలకు బాక్స్ స్కోరు ఎంత పిండినా జవాబు రాదు. 1984లో పాఠకులకు ఒక పిలుపు ఇచ్చాడు: వాళ్లు ఇవ్వకపోతే మనమే రాసుకుందాం, దేశంలో జరిగే ప్రతి ఆటకూ మనవాడొకడు స్కోరుషీటుతో కూర్చోవాలి. ప్రాజెక్ట్ స్కోర్‌షీట్ అలా మొదలైంది. టీచర్లు, గుమస్తాలు, ఇంజనీర్లు, చదువుకునే పిల్లలు ఊరూరా ఆటలు పంచుకుని రాశారు. కంప్యూటర్‌కు అర్థమయ్యే సంకేతాలు తయారుచేసి టైపు చేశారు. ఆ ప్రాజెక్టు కొన్నేళ్లకే ఆగిపోయినా ఆ సంకేతాలు బతికాయి.

జరుగుతున్న ఆటలు సరే, జరిగిపోయినవో? డెలవేర్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చెప్పే డేవిడ్ స్మిత్ 1989లో ఆ పని నెత్తికెత్తుకున్నారు. సంస్థ పేరు రెట్రోషీట్. క్లబ్బుల గదుల్లో, విలేఖరుల ఇళ్లలో, అటకల మీద మూలుగుతున్న పాత స్కోరుషీట్లను అడిగి తెచ్చి, నకళ్లు తీసి, స్వచ్ఛందంగా వచ్చినవాళ్లతో టైపు చేయించారు. స్కోరుషీటే దొరకని ఆటలకు ఇంకో దారి పట్టారు. నాటి పత్రికల్లో ఆట గురించి రాసిన కథనాలు పక్కపక్కన పెట్టి, బాక్స్ స్కోరులోని మొత్తాలతో సరిపోయేలా, ఎవరి తర్వాత ఎవరు ఏం చేసి ఉంటారో ఊహించి కూర్చారు. అలా కూర్చినవాటిని అలా కూర్చినవని విడిగా గుర్తుపెట్టి మరీ ఇస్తారు. ఆ నిజాయితీ అంటే నాకు చాలా గౌరవం. శతాబ్దానికి పైబడిన ఆటల వివరాలు ఇవాళ ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. వాళ్లు అడిగేదల్లా తమ పేరు చెప్పమని.

ఆ ఫైలు తెరిస్తే ఏం కనిపిస్తుంది? మైదానంలోని తొమ్మిది స్థానాలకూ తొమ్మిది అంకెలు. పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, ఆపై అవుట్‌ఫీల్డ్‌లో ఎడమ నుంచి కుడికి 7, 8, 9. ఒక వరసలో 64(1)3 అని ఉందనుకోండి. బంతి షార్ట్‌స్టాప్ చేతిలో పడింది, అతను సెకండ్ బేస్ దగ్గరున్నవాడికి విసిరాడు, ఫస్ట్ బేస్ నుంచి పరిగెత్తి వస్తున్నవాడు అక్కడ ఔట్. అక్కడి నుంచి బంతి ఫస్ట్ బేస్‌కు వెళ్లింది, బ్యాటర్ కూడా ఔట్. నాలుగు సెకన్లలో అయిదుగురి కదలిక. దాన్ని నాలుగంకెల్లో పట్టేశారు. ఆటగాళ్ల గుర్తు కూడా చూడముచ్చటగా ఉంటుంది. ముందు ఇంటిపేరులోని మొదటి నాలుగు అక్షరాలు, తర్వాత పేరులోని మొదటి అక్షరం, ఆపై మూడంకెలు. ఒకే పేరున్నవాళ్లు పదిమంది ఉన్నా కలగాపులగం కాకుండా ఆ అంకెలు కాపాడతాయి.

ఈ సంకేతాలను విప్పి పట్టికలుగా మార్చే ఉచిత ప్రోగ్రాం ఒకటుంది. థియడోర్ టురోసీ రాశారు. దాని పేరు చాడ్విక్. మొదటి భాగంలో మనం కలుసుకున్న హెన్రీ చాడ్విక్ పేరే అది: 1824లో ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికా వచ్చి, పత్రికలకు క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్‌కు మళ్లి, బాక్స్ స్కోరుకు రూపం దిద్దిన పెద్దాయన. క్రికెట్ స్కోరు పుస్తకం అలవాటే అక్కడికి వలస వెళ్లింది.

ఇక రాసిపెట్టిన లెక్కే తప్పయితే? దానికి 1910ని మించిన పాఠం లేదు.

ఆ ఏడు చామర్స్ కార్ల కంపెనీ అత్యధిక బ్యాటింగ్ సగటు సాధించినవాడికి కారు ఇస్తామని ప్రకటించింది. హిట్లను ఆడిన సందర్భాలతో భాగిస్తే వచ్చేదే ఆ సగటు. పోటీ ఇద్దరి మధ్య తేలింది. డెట్రాయిట్ జట్టు టై కాబ్, క్లీవ్‌లాండ్ జట్టు నెపోలియన్ లాజ్వే. కాబ్‌ను ఎదుటివాళ్లు సహించలేకపోయేవారు. లాజ్వే అంటే అందరికీ ఇష్టం. సొంత జట్టుకే అతని పేరు మీద ‘నాప్స్’ అని పేరు. అక్టోబరు 9న సీజన్ చివరి రోజు లాజ్వే సెయింట్ లూయిస్‌లో రెండు ఆటలు ఆడాడు. అక్కడి మేనేజర్ జాక్ ఓకానర్ తన కొత్త కుర్రాణ్ణి, థర్డ్ బేస్ కాపు కాసే రెడ్ కారిడెన్‌ను, చాలా వెనక్కి వెళ్లి నిలబడమన్నాడు. ముందు ఖాళీ. లాజ్వే బంతిని మెల్లగా అటు వదలడం, నింపాదిగా ఫస్ట్ బేస్ చేరడం. ఆ రోజు మొత్తం ఎనిమిది హిట్లు, అందులో ఎక్కువ బంట్లే. పెద్ద గొడవైంది. ఓకానర్ ఉద్యోగం పోయింది. లీగు అధ్యక్షుడు బాన్ జాన్సన్ విచారణ జరిపి, కాబ్ 509 సందర్భాల్లో 196 హిట్లతో 0.385, లాజ్వే 591లో 227తో 0.384 అని, కాబే విజేత అని తేల్చారు. చామర్స్ కంపెనీ ఇద్దరికీ కార్లిచ్చి ఊరుకుంది.

డెబ్బై ఏళ్లు అదే చరిత్ర. మధ్యలో 1969లో మాక్‌మిలన్ సంస్థ ‘బేస్‌బాల్ ఎన్‌సైక్లోపీడియా’ తెచ్చింది. 2,337 పేజీలు. డేవిడ్ నెఫ్ట్ బృందం పాత పత్రికల నుంచి, లీగు లెడ్జర్ల నుంచి లెక్కలు పోగేసి కంప్యూటర్‌కు ఎక్కించిన మహాగ్రంథం అది. ఒక్కో ఆటగాడి అంకెలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా లేదా అని యంత్రంతో చూడడం అప్పుడు అలవాటైంది. ఆ దారిలోనే మసాచుసెట్స్ ఇంజనీరు పీట్ పామర్ లీగు లెడ్జర్ల నకళ్లు ముందేసుకుని ఒక్కో రోజూ కూడుతూ పోయాడు. 1910 సెప్టెంబరు 24న డెట్రాయిట్ రెండు ఆటలు ఆడింది. అందులో రెండో ఆట కాబ్ ఖాతాలో మర్నాటి తేదీ కింద మళ్లీ ఎక్కింది. మూడు సందర్భాలు, రెండు హిట్లు. అవి తీసేస్తే 506లో 194. సగటు 0.383. అంటే లాజ్వే కన్నా తక్కువ. 1981లో ‘స్పోర్టింగ్ న్యూస్’ పత్రిక ఈ సంగతి అచ్చేసింది. కమిషనర్ బోవీ కూన్ మాత్రం కాబ్ టైటిల్ కదపడానికి ఒప్పుకోలేదు.

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు ఈ తప్పును ఒకసారి బల్లమీద పెట్టి చూడాలి. పట్టికలో నకలు వరసలు వెతకడం మనకు మొదట నేర్పే పనుల్లో ఒకటి. అన్ని గళ్లూ ఒకేలా ఉన్న వరసలు రెండుంటే ఒకటి కొట్టేయమంటాం. ఇక్కడ తేదీ వేరు. ప్రోగ్రాం కంటికి అవి రెండు వేరువేరు ఆటలు. తప్పు బయటపడాలంటే ఆటగాడి పట్టికను ఒంటరిగా చూస్తే చాలదు. జట్టు ఏ తేదీన ఎన్ని ఆటలు ఆడిందో చెప్పే పట్టికతో దాన్ని ముడివేసి, ఇక్కడ ఉండి అక్కడ లేనిదేమిటని అడగాలి. పామర్ ఆ ముడి చేత్తో వేశాడు. ఇవాళ అది ఒక ‘జాయిన్’.

ఆ రెండు హిట్ల ధర ఇంకోచోట కూడా పడింది. కాబ్ జీవితకాల హిట్లు 4,191 అని అందరూ చదివారు. 1985 సెప్టెంబరు 11న సిన్సినాటిలో పీట్ రోజ్ 4,192వ హిట్ కొట్టగానే ఆట ఆపి సంబరం చేశారు. కాబ్ అసలు లెక్క 4,189 అని పరిశోధకులు తేల్చారు. ఆ లెక్కన రికార్డు మూడు రోజుల ముందే, సెప్టెంబరు 8న షికాగోలో బద్దలైంది. ఆ మధ్యాహ్నం రోజ్ కొట్టింది 4,190, 4,191. అది రికార్డని మైదానంలో ఎవరూ అనుకోలేదు.

వివరాలు చేతికొచ్చాక బయటివాళ్లు ఏం చేశారో ఒక్క ఉదాహరణతో సరిపెడతాను. పత్రికా రచయిత షాన్ లామన్ 1990ల్లో ఆటగాళ్ల సీజన్ లెక్కలన్నీ ఒక డేటాబేస్‌గా ఉచితంగా పెట్టాడు. 2000లో షాన్ ఫోర్‌మన్ బేస్‌బాల్ రెఫరెన్స్ వెబ్‌సైటు మొదలుపెట్టాడు. ఆ రోజుల్లోనే లాయర్ల దగ్గర సహాయకుడిగా పనిచేసే వోరోస్ మెక్‌క్రాకెన్ అనే యువకుడికి ఒక ప్రశ్న తోచింది. పిచర్ చేతిలో నిజంగా ఏముంది? బ్యాటర్‌ను బంతి తగలకుండా ఔట్ చేయడం, వాక్ (ఉచితంగా ఫస్ట్ బేస్) ఇవ్వకపోవడం, హోమ్ రన్ కొట్టనివ్వకపోవడం అతని ప్రతాపమే. మరి మైదానంలోకి వచ్చిన మామూలు బంతి హిట్ కావడమా, ఫీల్డర్ చేతిలో పడడమా? మెక్‌క్రాకెన్ ఒక్కో పిచర్ ఈ ఏటి అంకెను మరుసటి ఏటి అంకె పక్కన పెట్టి చూశాడు. మొదటి మూడు విషయాల్లో ఏటికేడాది పోలిక ఉంది. నాలుగోదానిలో దాదాపు లేదు. మహా పిచర్ పేద్రో మార్టినెజ్ బంతుల మీద 1999లో అలాంటి హిట్లు బాగా ఎక్కువగా పడ్డాయి, 2000లో బాగా తక్కువగా పడ్డాయి. ఆ రెండేళ్లూ అతను అతనే. వెనక ఫీల్డర్లు, అదృష్టం మారాయి. 2001లో ఈ వ్యాసం వచ్చినప్పుడు ఎవరూ తేలిగ్గా నమ్మలేదు. బిల్ జేమ్స్ స్వయంగా పరీక్షించి, సారాంశం నిజమేనని, తనకు ఎప్పుడో తట్టి ఉండాల్సిందని రాశారు. తర్వాతివాళ్లు కొంత సవరించారు. పిచర్లకు బొత్తిగా పట్టు లేకపోలేదు, మనం అనుకున్నంత లేదని. జీతాల బేరాలు ఆ తర్వాత మునుపటిలా లేవు.

2006 ప్లేఆఫ్‌లతో కెమెరాలు వచ్చాయి. బంతి వేగం, దారి, అది ఎక్కడ ప్లేట్ దాటిందో కొలిచే పిచ్ ఎఫ్‌ఎక్స్ క్రమంగా మైదానాలన్నిటికీ పాకింది. లీగు ఆ అంకెలను ఎవరైనా చదువుకునేలా బయట పెట్టింది. 2015లో స్టాట్‌కాస్ట్; 2020 నుంచి దాని వెనక కళ్లు హాక్-ఐ కెమెరాలవి. 2001లో క్రికెట్ ప్రసారాలతో మొదలై, ఎల్బీడబ్ల్యూ వివాదాల్లో మనం రోజూ చూసే ఆ హాక్-ఐయే. పైబేస్‌బాల్, బేస్‌బాలార్ లాంటి ఉచిత ప్యాకేజీలతో ఆ డేటా నేరుగా దించుకోవచ్చు. ఓపికగా నేర్చుకోదలచినవారికి 2013లో మాక్స్ మార్కీ, జిమ్ ఆల్బర్ట్ రాసిన ఆర్ పుస్తకం మంచి మొదలు.

కానీ ఇక్కడే తలుపులు మళ్లీ మూతపడడం మొదలైంది. అంపైర్‌కు అంచు బంతిని స్ట్రైక్‌లా కనిపించేలా పట్టే క్యాచర్ నైపుణ్యానికి ఎన్ని పరుగుల విలువ ఉందో 2011లో మైక్ ఫాస్ట్ ఆ బహిరంగ డేటాతోనే చూపించాడు. కొద్ది నెలల్లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ అతన్ని ఉద్యోగంలోకి తీసుకుంది. ఆ తర్వాత అతని పరిశోధన జట్టు గోడల లోపలికి వెళ్లిపోయింది. అలా వెళ్లినవాళ్లు చాలామంది. అదే ఆస్ట్రోస్ డేటాబేస్‌లోకి దొంగచాటుగా ప్రవేశించినందుకు సెయింట్ లూయిస్ కార్డినల్స్ అధికారి క్రిస్ కొరియాకు 2016లో 46 నెలల జైలుశిక్ష పడింది. రేడియో ముందు పెన్సిలుతో మొదలైన ఇష్టం కోర్టు మెట్లెక్కే రహస్యంగా మారింది. మనసుకు కష్టంగా ఉంటుంది కానీ, జరిగింది అదే.

చివరగా, అసలు రాసిపెట్టనివాళ్ల ఆట. నల్లజాతి ఆటగాళ్లను పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వాళ్లు తమ సొంత నీగ్రో లీగులు నడుపుకున్నారు. ఆ ఆటలకు 1969 నాటి మాక్‌మిలన్ గ్రంథంలో చోటు లేదు, లీగు కార్యాలయాల లెడ్జర్లు సక్రమంగా లేవు. ‘పిట్స్‌బర్గ్ కొరియర్’, ‘షికాగో డిఫెండర్’ లాంటి నల్లవారి పత్రికల్లో అచ్చయిన బాక్స్ స్కోర్లే ఆధారం. గారీ ఆష్‌విల్, ఆయన మిత్రులు ఏళ్ల తరబడి మైక్రోఫిల్మ్ రీళ్లు తిప్పి ఆ స్కోర్లు ఏరి, సీమ్‌హెడ్స్ డేటాబేస్‌గా 2011 నుంచి అందరికీ తెరిచి పెట్టారు. 2020 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ 1920–48 మధ్య నడిచిన ఏడు నీగ్రో లీగులకు పెద్ద లీగుల హోదా ఇచ్చింది. 2024 మేలో ఆ అంకెలు అధికారిక లెక్కల్లో కలిశాయి. జీవితకాల బ్యాటింగ్ సగటులో అగ్రస్థానం జోష్ గిబ్సన్ అనే క్యాచర్‌కు వచ్చింది: 0.372. గిబ్సన్ 1947 జనవరిలో, 35 ఏళ్లకే చనిపోయాడు. ఆ అడ్డుగోడ దాటిన నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ ఆ ఏప్రిల్‌లోనే డాడ్జర్స్ తరఫున మైదానంలోకి దిగాడు.

ఆ లీగుల సీజన్లు చిన్నవి. ఊరూరా తిరిగి ఆడిన ప్రదర్శన ఆటలు లెక్కలోకి రావు, లీగు ఆటల్లోనూ వివరాలు దొరకనివి ఇంకా ఉన్నాయి. అందుకని 0.372 కూడా ఆఖరు కాదు. ఏదో గ్రంథాలయంలో ఒక రీలు మీద ఇంకో బాక్స్ స్కోరు బయటపడితే అది పైకైనా వెళ్తుంది, కిందికైనా దిగుతుంది. గిబ్సన్ మీద పనిచేయాలనుకునే విద్యార్థులకు నా మాట ఒక్కటే. కిందటేడు దించుకున్న ఫైలు వాడొద్దు, మొదలుపెట్టే రోజున మళ్లీ దించుకోండి.

(సశేషం)